స్కాట్లాండ్ హైలాండ్స్‌కి మ్యాపులు, గైడ్‌బుక్‌లు ఎలా ఎంచుకోవాలి

పిల్లలు గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుతుంటే వేసవిలో అమ్మానాన్నలు వెళ్ళి ఓ నెల ఉండి రావడం ఇప్పుడు మామూలైపోయింది. ఊళ్ళో చూడాల్సినవి అయిపోయాక ఎవరో ఒకరు “ఓ వారం హైలాండ్స్ వెళ్ళొద్దాం” అంటారు, అంటే ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతానికి. వెంటనే జరిగే పని ఏంటంటే, బాగా రేటింగ్ ఉన్న లావుపాటి గైడ్‌బుక్ ఒకటి ఆర్డర్ పెట్టడం. వచ్చాక చూస్తే అది బ్రిటన్ మొత్తానికి రాసిన పుస్తకం. సగం ఇంగ్లండే. మనం వెళ్ళే చోటు ఎక్కడో చివర్లో నాలుగు పేజీల్లో ఉంటుంది.

నేను చెప్పే పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. ముందు మ్యాపు కొనండి, దాని మీద దారి గీసుకోండి, ఆ తర్వాత ఆ దారికి పనికొచ్చే పుస్తకం వెతకండి. పుస్తకంతో మొదలుపెడితే అందులో ఉన్నవన్నీ చూడాలనిపిస్తుంది. మ్యాపుతో మొదలుపెడితే వారం రోజుల్లో ఏది కుదరదో ముందే తెలిసిపోతుంది.

ఉదాహరణకి ఈ దారి తీసుకుందాం. గ్లాస్గో నుంచి ఏ82 రోడ్డు మీద గ్లెన్‌కో, ఫోర్ట్ విలియం. అక్కడి నుంచి గ్లెన్‌ఫినన్ మీదుగా మాలెగ్ రేవు. ఫెర్రీలో స్కై దీవిలోని ఆర్మడేల్. పోర్ట్రీలో మూడు రాత్రులు. తిరుగు దారిలో స్కై వంతెన దాటి, ఐలియన్ డోనన్ కోట చూసుకుని లోక్ నెస్ వైపు.

1. ముందు రోడ్డు మ్యాపు

ఇక్కడ స్కేల్ చూసి కొనాలి. మిషెలాన్ వాళ్ళ స్కాట్లాండ్ షీట్, నంబర్ 501, 1:400,000 స్కేల్‌లో ఉంటుంది. అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద నాలుగు కిలోమీటర్లు. దేశం మొత్తం ఒకే కాగితం మీద కనిపిస్తుంది కాబట్టి దారి తేల్చుకోవడానికి హాయిగా ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (అక్కడ అందరూ ఓఎస్ అంటారు) వేసే రోడ్డు మ్యాపులు 1:250,000. అందులో సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. కారు నడిపేవాళ్ళు ఉంటే రెండోదే తీసుకోండి. రోడ్డు వెడల్పు తేడాలు అందులో ఇంకా బాగా తెలుస్తాయి.

ఆ వెడల్పు సంగతే అసలు విషయం. హైలాండ్స్‌లో చాలా రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి. అక్కడక్కడా పక్కకి జరిగి ఎదుటి బండికి దారి ఇవ్వడానికి ‘పాసింగ్ ప్లేస్’ అనే జేబులు కడతారు. అలాంటి రోడ్డుకి ఓఎస్ మ్యాపుల్లో వేరే గుర్తు ఉంటుంది, మ్యాపు అంచున ఉండే గుర్తుల పట్టికలో చూసి పెట్టుకోండి. మన లైసెన్స్ మీద అక్కడ పన్నెండు నెలల వరకు కారు నడపొచ్చు, నడిపేది కూడా మనలాగే ఎడమ వైపు. అందుకని ధైర్యంగానే బయల్దేరతాం. కానీ ఫోన్ ‘గంట’ అని చూపించిన ఒంటి లేన్ రోడ్డుకి గంటన్నర వేసుకుంటేనే టెన్షన్ ఉండదు. గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుని ఉంటాయి, హారన్ కొట్టినా లేవవు.

ఇప్పుడు మ్యాపుని నేల మీద పరిచి పెన్సిల్‌తో దారి గీయండి. రాత్రి బస చేసే ఊళ్ళకి చుట్టూ సున్నా చుట్టండి. ఫెర్రీ ఎక్కే చోట ఒక గీత కొట్టండి, కారుతో ఎక్కాలంటే వేసవిలో ముందే బుక్ చేసుకోవాలి. అక్కడి రోడ్డు బోర్డుల మీద దూరాలు మైళ్ళలో ఉంటాయి, ఓఎస్ మ్యాపు గళ్ళు కిలోమీటర్లలో ఉంటాయి. మైలుకి 1.6 కిలోమీటర్లు. ఈ ఒక్కటి మర్చిపోతే సాయంత్రం లెక్కలన్నీ తప్పుతాయి.

నిటారు రోడ్లకి బాణం గుర్తులు ఉంటాయి, అవీ చూడండి. ఇన్వర్నెస్ నుంచి మొదలై ఉత్తర తీరం చుట్టి వచ్చే ‘నార్త్ కోస్ట్ 500’ దారికి 2015 నుంచి బాగా ప్రచారం వచ్చింది. 516 మైళ్ళు. అందులోనే ఉంది బియాలక్ న బా అనే కనుమ, సముద్ర మట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకి మెలికలు తిరుగుతూ ఎక్కే ఒంటి లేన్ రోడ్డు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, పెద్ద బండ్లు, కారవాన్లు రావద్దని కిందనే బోర్డు పెట్టారు. వీడియోలో అందంగా కనిపిస్తుంది. మ్యాపు మీద ఆ బాణాలు, ఆ మెలికలు చూసిన డ్రైవరు మాత్రం ఇంకో దారి ఉందేమో వెతుకుతాడు. ఉంది కూడా, తీరం వెంబడి షీల్డెగ్ వైపు నుంచి. వారం రోజులే ఉంటే స్కై, నార్త్ కోస్ట్ 500 రెండూ పెట్టుకోవద్దని నా సలహా.

2. దిగి నడిచే చోటికే పెద్ద స్కేల్ మ్యాపు

కారు దిగి కొండ ఎక్కాలంటే రోడ్డు మ్యాపు పనికిరాదు. ఓఎస్‌లో ఇందుకు రెండు రకాలు ఉన్నాయి. గులాబీ రంగు అట్ట ఉన్నది ల్యాండ్‌రేంజర్, 1:50,000. నారింజ రంగు అట్ట ఉన్నది ఎక్స్‌ప్లోరర్, 1:25,000. మొదటి దాంట్లో రెండు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు, రెండో దాంట్లో నాలుగు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు. మన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ కూడా 1:50,000 స్కేల్‌దే. ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగ్ చేసినవాళ్ళకి ల్యాండ్‌రేంజర్ చేతిలోకి తీసుకోగానే అంతా గుర్తొచ్చేస్తుంది.

మన దారి మొత్తానికి ల్యాండ్‌రేంజర్లు కొనాలంటే 41 (బెన్ నెవిస్, ఫోర్ట్ విలియం, గ్లెన్‌కో), 40 (మాలెగ్, గ్లెన్‌ఫినన్), 32 (దక్షిణ స్కై), 23 (ఉత్తర స్కై), 33 (లోక్ ఆల్ష్) అంటూ కనీసం అయిదు షీట్లు అవుతాయి. అవసరం లేదు. మీరు నిజంగా నడిచే చోట్లు రెండో మూడో ఉంటాయి. వాటికి మాత్రం ఎక్స్‌ప్లోరర్ తీసుకోండి. గ్లెన్‌కో లోయలో నడిస్తే 384. బెన్ నెవిస్ ఎక్కే ఉద్దేశం ఉంటే 392. స్కైలో ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం, క్విరాంగ్ కొండచరియలు చూడాలంటే 408. కూలిన్ కొండలైతే 411.

కూలిన్ గురించి ఒక మాట. అక్కడి రాళ్ళకి అయస్కాంత గుణం ఉంది, దిక్సూచి ముల్లు నమ్మడానికి లేదు. కొండలెక్కడం బాగా అలవాటున్నవాళ్ళు కూడా గైడ్‌ని పెట్టుకునే చోటది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు కింద ఫెయిరీ పూల్స్ అనే మడుగుల దాకా వెళ్ళి నీళ్ళు చూసి వచ్చేస్తే చాలు. పై శిఖరాలకి వెళ్ళేవాళ్ళు మాత్రం హార్వీ అనే స్కాటిష్ సంస్థ మ్యాపులు కూడా చూడాలి. కొండలెక్కేవాళ్ళ కోసమే గీసినవి, నీళ్ళకి తడవని కాగితం మీద వస్తాయి. ఓఎస్ వాళ్ళు కూడా ప్లాస్టిక్ పూత వేసిన రకం ‘యాక్టివ్’ పేరుతో అమ్ముతారు. ఖరీదు ఎక్కువే అయినా స్కై వాన గాలికి మామూలు కాగితం మడతల దగ్గర చిరిగిపోతుంది. ఒక్కటే కొంటున్నప్పుడు పూత వేసిందే కొనండి.

3. మ్యాపు చూసి టైము లెక్క కట్టండి

కొన్నాక మ్యాపుని అట్టేపెట్టకుండా ఇంట్లోనే ఒక నడక లెక్క వేసి చూడండి. స్టోర్‌నే తీసుకుందాం. షీట్ 408 తెరిచి, పోర్ట్రీ నుంచి ఉత్తరానికి వెళ్ళే ఏ855 రోడ్డు మీద వేలు పెట్టి పైకి జరపండి. కుడి పక్క రెండు చెరువులు, లోక్ ఫాడా, లోక్ లెథన్, దాటగానే నీలం రంగు పార్కింగ్ గుర్తు. అక్కడి నుంచి నల్ల చుక్కల గీత పడమరకి ఎక్కుతుంది. దాన్ని అడ్డంగా దాటే గోధుమరంగు గీతలే కాంటూర్లు, ఒక్కో గీతకి పది మీటర్ల ఎత్తు. గీతలు దూరం దూరంగా ఉంటే నేల చదును, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉంటే గోడ. స్టోర్ దగ్గర గీతలు చిక్కబడి చిక్కబడి, చివర్లో కొండచరియ గుర్తులో కలిసిపోతాయి. ఆ రాతి స్తంభం సరిగ్గా ఆ చరియ ముందే నిలబడి ఉంటుంది.

పోను రాను దూరం సుమారు నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 300 మీటర్లు. దీన్ని గంటల్లోకి మార్చడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో అయిదు కిలోమీటర్లకి ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ లెక్కన స్టోర్‌కి నాలుగు కిలోమీటర్ల నడక యాభై నిమిషాలు, ఎక్కుడు అరగంట, మొత్తం గంటా ఇరవై నిమిషాలు.

నెయిస్మిత్ లెక్కలో ఆగడం లేదు, ఫోటోలు లేవు, నాన్నగారి మోకాళ్ళు అసలే లేవు. అరవై దాటినవాళ్ళు వెంట ఉంటే రెట్టింపు వేసుకోండి, దిగేటప్పుడు కూడా నెమ్మదే. అది కూడా పగటి వెలుగులో పట్టేలా చూసుకోవాలి. జూన్ చివర్లో స్కైలో సూర్యాస్తమయం రాత్రి పది దాటాకే. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు లోపే. క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళేవాళ్ళు రోజుకి ఒక్క నడకకి మించి పెట్టుకోకూడదు.

ఇంగ్లండ్‌లో ఓఎస్ ఎక్స్‌ప్లోరర్ మ్యాపులు వాడి అలవాటున్నవాళ్ళకి ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. అక్కడ జనం నడిచే హక్కున్న బాటల్ని ఆకుపచ్చ గీతలతో గుర్తిస్తారు. స్కాట్లాండ్ షీట్లలో అవి ఉండవు. కారణం ఇక్కడి చట్టం. 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా మసలుకున్నంత వరకు చాలా మటుకు నేల మీద అందరికీ నడిచే హక్కు ఇచ్చింది. కాబట్టి ఆకుపచ్చ గీత లేదని వెనక్కి రావద్దు. అలాగని నల్ల చుక్కల గీత ఉంది కదా అని చక్కటి బాట ఉంటుందనీ అనుకోవద్దు. కొన్ని చోట్ల అది బురదలో మాయమైపోతుంది. మ్యాపులో చిత్తడి నేల గుర్తు కనిపిస్తే బూట్లు సంగతి ముందే ఆలోచించుకోవాలి.

4. ఇప్పుడు గైడ్‌బుక్

దారి గీసేశారు, నడకలు తేల్చేశారు. ఇప్పుడు పుస్తకం దగ్గర మీకు కావాల్సింది స్పష్టంగా తెలుసు. ‘బ్రిటన్’, ‘యూరప్’ అన్న అట్టలు పక్కన పెట్టండి. ‘స్కాట్లాండ్’ పర్వాలేదు. ‘హైలాండ్స్ అండ్ ఐలండ్స్’ అని ఉంటే మంచిది. లోన్లీ ప్లానెట్, రఫ్ గైడ్స్ లాంటి పెద్ద సంస్థలు ఇలా ప్రాంతానికి విడిగా వేస్తుంటాయి. నడకలకి ప్రత్యేకంగా సిసెరోన్ వాళ్ళ పుస్తకాలు ఉన్నాయి, కొంచెం గట్టిగా నడిచేవాళ్ళ కోసం. చిన్న చిన్న నడకలకైతే జేబులో పట్టే పాకెట్ మౌంటెన్స్ పుస్తకాలు చాలు. మన దారికి నేనైతే ఒక ప్రాంతీయ గైడ్, ఒక జేబు నడకల పుస్తకం తీసుకుంటాను. మూడోది మోయడానికే.

షాపులో గానీ, ఆన్‌లైన్‌లో నమూనా పేజీల్లో గానీ, లోపల ఈ చోట్లు చూడండి.

అట్ట తిప్పగానే ముద్రణ సంవత్సరం. పుస్తకం బయటికి వచ్చే నాటికే అందులోని సమాచారం కొన్ని నెలల పాతది. మూడేళ్ళు దాటితే ధరలు, హోటళ్ళు, బస్సు టైములు నమ్మొద్దు. ఒక్క ఉదాహరణ చెబుతాను. దేశ పర్యాటక సంస్థ విజిట్‌స్కాట్లాండ్ తన సమాచార కేంద్రాలన్నీ దశలవారీగా మూసేస్తామని 2024లో ప్రకటించింది. అంతకు ముందు పుస్తకాలన్నీ “ఊళ్ళోకి రాగానే సమాచార కేంద్రానికి వెళ్ళి ఉచిత మ్యాపు తీసుకోండి” అనే చెబుతాయి. అది చదివి వెళ్తే తాళం కనిపిస్తుంది. చరిత్ర, కోటలు, రాళ్ళు, పక్షుల గురించిన పేజీలు మాత్రం పదేళ్ళయినా పాతబడవు.

తర్వాత పోర్ట్రీ పేజీ. ఊరి చిన్న మ్యాపు ఉందా, దానికి స్కేల్ గీత ఉందా, బస్సు ఆగే చోటు గుర్తించారా? స్టోర్ దగ్గర పార్కింగ్‌కి డబ్బులు కట్టాలని, వేసవి మధ్యాహ్నాలు చోటు దొరకదని రాశారా? రాసిన మనిషి అక్కడికి వెళ్ళాడా, కూర్చున్న చోటే రాశాడా అన్నది ఇలాంటి చోటే బయటపడుతుంది. ‘మరపురాని దృశ్యం’, ‘తప్పక చూడాల్సింది’ అనే మాటలు ప్రతి పేజీలో ఉంటే ఆ పుస్తకం వదిలేయండి. “వానైతే ఇక్కడికి రావద్దు, దాని బదులు ఫలానా చోటుకి వెళ్ళండి” అని చెప్పే పుస్తకం కావాలి. దోమకన్నా చిన్నగా ఉండి గుంపులుగా కుట్టే మిడ్జ్‌ల గురించి ఒక్క మాటా లేని హైలాండ్స్ పుస్తకాన్ని నేను నమ్మను. మే నుంచి సెప్టెంబరు దాకా, గాలి లేని సాయంత్రాల్లో అవి లేని చోటు తక్కువ.

కారు లేకుండా వెళ్ళేవాళ్ళు రవాణా పేజీలు ఇంకా శ్రద్ధగా చూడాలి. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం మీదుగా మాలెగ్ దాకా వెళ్ళే వెస్ట్ హైలాండ్ రైలు దారిలోనే గ్లెన్‌ఫినన్ వంతెన ఉంది, ఇరవై ఒక్క కమానులది. దాని మీద ఆవిరి రైలు వెళ్ళడం కింద నిలబడి చూడాలని అందరికీ ఉంటుంది. మామూలు రైలు టికెట్‌తోనే ఆ వంతెన మీద ప్రయాణం చేయొచ్చని చెప్పే పుస్తకం మీ డబ్బులు మిగిల్చినట్టే. స్కైలో ఊళ్ళ మధ్య బస్సులు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ. ఏ పుస్తకంలోని టైములైనా ట్రావెల్‌లైన్ స్కాట్లాండ్ అనే రవాణా సమాచార సైట్‌లో సరిచూసుకోవాల్సిందే.

5. తిండి పేజీలు

మనవాళ్ళలో శాకాహారులు ఉంటే గైడ్‌బుక్‌లో ఇది పెద్ద పరీక్ష. శాకాహారానికి ఒక గుర్తు పెట్టి వదిలేసిన పుస్తకం సరిపోదు. ఆ గుర్తు ఉన్న చోట దొరికేది చాలాసార్లు ఒక సూప్, ఒక బర్గర్. సూప్ దేనితో కాచారో అడగాల్సిందే. కాబట్టి హోటళ్ళ పేజీకన్నా వంటగది ఉన్న అద్దె ఇళ్ళ పేజీలు ఎన్ని ఉన్నాయో చూడండి, అక్కడ వాటిని ‘సెల్ఫ్ కేటరింగ్’ అంటారు. కుక్కర్, కందిపప్పు, ఆవకాయ గ్లాస్గో నుంచే కారులో వస్తాయి, పాలు పెరుగు కూరగాయలకి పోర్ట్రీలో, బ్రాడ్‌ఫర్డ్‌లో కో-ఆప్ దుకాణాలు ఉన్నాయి. సరుకుల దుకాణాలు, పెట్రోలు బంకులు ఏ ఊళ్ళో ఉన్నాయో మ్యాపులో గుర్తించిన పుస్తకానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. చీకటి పడ్డాక, ఖాళీ ట్యాంకుతో, పక్క ఊళ్ళో బంకు మూసేసి ఉందని తెలిస్తే దృశ్యాలేవీ కనిపించవు.

6. ఫోన్ ఉంది కదా?

ఉంది, వాడాలి కూడా. కానీ లోయల్లో సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి. బయల్దేరే ముందు రాత్రి వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం ఆఫ్‌లైన్‌కి దించుకోండి. నడకలకి ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ ఉంది, నెట్ లేకుండానే బాటలు చూపిస్తుంది. ఓఎస్ కాగితం మ్యాపు కొంటే లోపల ఒక కోడ్ ఉంటుంది, దాంతో అదే షీట్ ఫోన్‌లోకి వస్తుంది. ఒక ఖర్చుకి రెండూ. సెకండ్ హ్యాండ్ షీట్ కొంటే ఆ కోడ్ ఎవరో అప్పటికే గీకేసి ఉంటారు, అది చూసుకోండి.

ఫోన్ చలికి త్వరగా దిగిపోతుంది, తడి వేలికి పలకదు. అందుకే కాగితం. ఇంకో పని కూడా దానితోనే బాగా అవుతుంది: మీరున్న చోటు ఇంకొకరికి చెప్పడం. ఓఎస్ మ్యాపుల్లో ప్రతి చోటుకీ రెండు అక్షరాలు, ఆరు అంకెలు ఉంటాయి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా లెక్కపెట్టాలి. స్టోర్ రాతి స్తంభం ఎన్‌జీ 500 539. వంద మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది. కొండ మీద ఎవరికైనా కాలు బెణికితే 999కి ఫోన్ చేసి, పోలీసుని అడిగి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పి ఈ అంకెలు చదవాలి. మాట్లాడేంత సిగ్నల్ లేకపోయినా మెసేజ్ వెళ్ళొచ్చు. దానికి ముందుగానే ‘రిజిస్టర్’ అన్న మాటని ఇంగ్లీషులో టైప్ చేసి 999కి పంపి నమోదు చేసుకోవాలి. గ్లాస్గోలో ఉండగానే ఆ పని చేసేయండి.

7. ఎక్కడ కొనాలి

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మోసుకెళ్ళకండి. ఇక్కడ ఓఎస్ షీట్లు తెప్పించుకోవాలంటే దిగుమతి ఖర్చు తోడవుతుంది. అక్కడైతే ఊళ్ళో పుస్తకాల షాపుల్లో, కొండలెక్కే సామాన్లు అమ్మే దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. లండన్‌లో దిగేవాళ్ళకి కోవెంట్ గార్డెన్ దగ్గర స్టాన్‌ఫర్డ్స్ ఉంది, 1853 నుంచి మ్యాపులు అమ్ముతున్న దుకాణం. పిల్లలకి అక్కడి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే గైడ్‌బుక్ ఊరికే తెచ్చుకోవచ్చు. ఈ-బుక్ కొనేవాళ్ళు ముందు నమూనా దించి అందులోని మ్యాపు ఫోన్ తెర మీద పెద్దది అవుతుందో లేదో చూడండి, చాలా వాటిలో అక్షరాలు మసకబారిపోతాయి.

ఛారిటీ షాపుల్లో ఒకటి రెండు పౌండ్లకి పాత గైడ్‌బుక్‌లు కనిపిస్తాయి. సంవత్సరం పేజీ చిరిగిపోయి ఉంటే స్కై పేజీ తీయండి. దీవికి వంతెన లేదని, కైల్ దగ్గర ఫెర్రీ ఎక్కాలని రాసి ఉంటే అది 1995కి ముందుది. వంతెన మీద టోల్ కట్టాలని రాసి ఉంటే 2004 డిసెంబరులో ఆ టోల్ ఎత్తేయడానికి ముందుది. అలాంటిది కోటల చరిత్ర కోసం కావాలంటే తీసుకోండి, బస కోసం, బస్సు కోసం మాత్రం కొత్తది వేరే ఉండాలి.